పాఠం 17: లెక్కల ఉద్యోగాలు – జీతం, బోనసు, ఎదుగుదల

17.0 ఈ పాఠం ఎందుకు

చక్రవడ్డీ, సగటు, సంభావ్యత అనే మూడు విషయాలు మీరు గణితంలో ఇదివరకే చదివారు. వాటిని పరీక్షలో మార్కుల కోసమే నేర్చుకున్నామని చాలామంది అనుకుంటారు. కాని ఈ మూడింటినే పెట్టుబడిగా పెట్టి ప్రపంచంలో ఎక్కువ జీతాలు తీసుకునేవారి వర్గం ఒకటుంది. వారిని ‘క్వాంట్లు’ అంటారు. ఈ పాఠంలో వారు చేసే పని ఏమిటి, వారికి డబ్బు ఎలా ముడుతుంది, ఆ దారిలో మనలాంటివారికి అందే మెట్లు ఏవి అన్నది చూద్దాం.

ఈ పాఠం పూర్తిచేశాక ‘కోటి రూపాయల ప్యాకేజీ’ అనే మాట వింటే దాన్ని విడదీసి చూడగలుగుతారు. నిశ్చితమైన జీతానికీ, వస్తుందో రాదో తెలియని బోనసుకీ తేడా లెక్కగట్టగలుగుతారు. ఉద్యోగానికీ జూదానికీ మధ్య గీత ఎక్కడుందో చెప్పగలుగుతారు. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి. కళ్లతో చదివితే ఈ పాఠం సగమే వస్తుంది.

17.1 మనకు తెలిసిన బోనసు

జంషెడ్‌పూర్‌లో ఉండే తెలుగువారికి బోనసు మాట కొత్తగా నేర్పనక్కరలేదు. మీ తాతగారో, మామగారో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కర్మాగారంలో చేరి ఉండవచ్చు. కదమాలో ఉన్నా, సోనారీలో ఉన్నా, దుర్గాపూజ దగ్గర పడుతున్నదంటే ఇంట్లో ఒకటే ప్రశ్న: ఈ ఏడు బోనసు ఎంత ప్రకటించారు? బిష్టుపూర్ బజారులో గుడ్డల కొట్లవాళ్లు కూడా ఆ ప్రకటన కోసమే ఎదురు చూస్తారు.

టాటా ఉక్కు సంస్థ 1934లోనే లాభాల్లో కార్మికులకు వాటా ఇచ్చే బోనసు పద్ధతిని ప్రవేశపెట్టింది. అంతకు ముందు 1912లో ఎనిమిది గంటల పనిదినాన్నీ, 1920లో ప్రావిడెంట్ ఫండునీ మొదలుపెట్టింది. దేశంలో బోనసు చట్టం వచ్చింది 1965లో. అంటే చట్టం కంటే 31 ఏళ్ల ముందే ఈ ఊళ్లో బోనసు ఉన్నదన్నమాట.

1965 చట్టం, దానికి తరువాత వచ్చిన సవరణలు కలిసి బోనసుకు రెండు హద్దులు పెట్టాయి. కనీసం 8.33 శాతం, గరిష్ఠం 20 శాతం. తరువాత వచ్చిన 2019 వేతనాల నియమావళి కూడా అవే హద్దులను నిలిపింది. 8.33 అనే వింత అంకె ఎక్కడి నుంచి వచ్చిందని ఎప్పుడైనా ఆలోచించారా? 100ని 12తో భాగించి చూడండి. అది ఏడాది జీతంలో పన్నెండో వంతు, అంటే ఒక నెల జీతం. స్థూలంగా చట్టం చెప్పేది ఇది: ఏడాది పనిచేసిన అర్హులకు కనీసం పదమూడో నెల జీతం లాంటిది ఇవ్వాలి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఈ బోనసులో కిందికీ పైకీ హద్దు ఉంది. ఏడు బాగా లేకపోయినా అర్హత ఉన్నవారికి చట్టం చెప్పిన కనీస బోనసు వస్తుంది. ఏడు ఎంత బాగున్నా చట్టం ప్రకారం ఐదో వంతు దాటదు. అందుకే బోనసును నమ్ముకుని సైకిలు కొనుక్కోవచ్చు, ఇల్లు కట్టడం మొదలుపెట్టకూడదు అని పాతవాళ్లు లెక్క వేసుకునేవారు. క్వాంట్ల లోకంలో ఈ రెండు హద్దులూ లేవు. మిగతా పాఠమంతా ఆ తేడా మీదనే నడుస్తుంది.

17.2 క్వాంట్ ఏం చేస్తాడు?

మీరు మ్యాంగోలో ఒక ఇంటిస్థలం చూశారనుకోండి. ధర 10 లక్షలు. మీ దగ్గర ఇప్పుడు అంత డబ్బు లేదు. యజమానికి 20,000 రూపాయలు బయానా ఇచ్చి, ‘మూడు నెలల్లో ఇదే ధరకు కొంటాను, కొనకపోతే బయానా మీదే’ అని ఒప్పుకున్నారు. మూడు నెలల్లో ఆ స్థలం ధర 12 లక్షలయితే మీరు 10 లక్షలకే కొంటారు. 8 లక్షలకు పడిపోతే బయానా వదులుకుని ఊరుకుంటారు. అంటే మీరు 20,000 పెట్టి కొన్నది స్థలాన్ని కాదు, ‘కొనే హక్కు’ని. షేర్ బజారులో ఇలాంటి హక్కునే ‘ఆప్షన్’ అంటారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ హక్కుకు న్యాయమైన బయానా ఎంత? 20,000 తక్కువా, ఎక్కువా? ధర ఎంత ఎగుడుదిగుడుగా ఉంటుంది, గడువు ఎంత, వడ్డీ రేటు ఎంత అనే వాటిని బట్టి దీన్ని లెక్కగట్టాలి. ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ 1973లో దీనికి ఒక సూత్రం ప్రచురించారు. రాబర్ట్ మెర్టన్ దాన్ని ఇంకా విస్తరించాడు. షోల్స్‌కూ మెర్టన్‌కూ 1997లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. బ్లాక్ 1995లోనే మరణించాడు. మన దేశంలో జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజిలో సూచీ ఫ్యూచర్ల వ్యాపారం 2000 జూన్‌లో, సూచీ ఆప్షన్ల వ్యాపారం 2001లో మొదలయ్యాయి.

ఇలాంటి ధరలు లెక్కగట్టడం, ఆ లెక్కలను కంప్యూటరు చేత చేయించడం, అవి తప్పితే ఎంత నష్టమో ముందే చెప్పడం క్వాంట్ల పని. అందరూ ఒకే పని చేయరు. కొత్త లెక్కలను వెదికేవాడు పరిశోధకుడు. వాటిని వేగంగా నడిచే ప్రోగ్రాములుగా రాసేవాడు డెవలపర్. వాటితో కొనుగోలు, అమ్మకాలు నడిపేవాడు ట్రేడర్. వీరంతా చేసిన లెక్క సరిగా ఉందా అని తనిఖీ చేసేవాడు రిస్కు విశ్లేషకుడు. మన కర్మాగారం భాషలో చెప్పాలంటే మొదటి ముగ్గురూ ఉత్పత్తి విభాగం, చివరివాడు నాణ్యత పరిశీలన విభాగం. బోనసు ఎక్కువగా ఉత్పత్తి వైపుకు పోతుంది. స్థిరత్వం తనిఖీ వైపు ఎక్కువ. 2008 సంక్షోభం తరువాత ఈ తనిఖీ పని బాగా పెరిగింది. అందులో చెప్పుకోదగ్గ భాగం ముంబయి, బెంగళూరు, హైదరాబాదు, గురుగ్రామ్‌లలో విదేశీ బ్యాంకులు పెట్టిన కార్యాలయాలకు వచ్చింది.

17.3 ప్యాకేజీని విప్పి చూద్దాం

కళాశాలలో ఒక కుర్రవాడికి ‘కోటి రూపాయల ప్యాకేజీ’ వచ్చిందని విన్నారనుకోండి. ఆ కోటి కింది విధంగా ఉండవచ్చు. ఇవి లెక్క కోసం మనం అనుకున్న అంకెలు.

ఏడాది స్థిర వేతనం 30 లక్షలు. చేరేటప్పుడు ఒక్కసారి ఇచ్చే మొత్తం 10 లక్షలు. నాలుగేళ్లలో విడతలుగా ఇచ్చే కంపెనీ షేర్లు 40 లక్షలు. పని బాగుంటే ఇచ్చే గరిష్ఠ బోనసు 20 లక్షలు. అన్నీ కూడితే 100 లక్షలు. తప్పు లెక్క కాదు. కాని ‘ఏడాదికి కోటి’ మాత్రం కాదు.

మొదటి ఏడాది ఖాయంగా చేతికి వచ్చే నగదు 30, 10 కలిపి 40 లక్షలు. రెండో ఏడాది ఖాయమైన నగదు 30 లక్షలే. షేర్లు ఏడాదికి పది లక్షల చొప్పున వస్తాయి, మధ్యలో మానేస్తే మిగిలినవి పోతాయి, వాటి ధర కూడా ఎక్కడ ఉంటుందో తెలియదు. ఆదాయపు పన్ను ఇంకా లెక్కలోకి రాలేదు. ఇంత విప్పి చూసినా 30 లక్షలు చాలా మంచి జీతమే. దాన్ని తక్కువ చేయడం మన ఉద్దేశం కాదు. 30 లక్షలను కోటి అనుకుని ఇంటికి అప్పు చేసేవారి గురించే ఈ లెక్క.

ఇక బోనసు. రెండు ఉద్యోగాలు ఉన్నాయనుకుందాం. మొదటిది రిస్కు తనిఖీ ఉద్యోగం: స్థిర వేతనం 12 లక్షలు, బోనసు ప్రతి ఏడూ సుమారు 1 లక్ష. రెండోది ట్రేడింగు సంస్థలో ఉద్యోగం: స్థిర వేతనం 9 లక్షలు. దాని బోనసు పదేళ్లలో రెండేళ్లు 20 లక్షలు, మూడేళ్లు 5 లక్షలు, మిగతా ఐదేళ్లు సున్న అని అంచనా.

మొదటి ఉద్యోగంలో ఏడాదికి 13 లక్షలు. రెండోదాని సగటు ఇలా కట్టాలి. 20 లక్షలను 0.2తో గుణిస్తే 4 లక్షలు. 5 లక్షలను 0.3తో గుణిస్తే 1.5 లక్షలు. సున్నను దేనితో గుణించినా సున్న. కూడితే బోనసు సగటు 5.5 లక్షలు. స్థిర వేతనంతో కలిపి 14.5 లక్షలు.

సగటు చూస్తే రెండోదే మేలు. కాని సగటుతో కిరాణా కొట్టు బాకీ తీరదు. పదేళ్లలో ఐదేళ్లు మీ చేతికి వచ్చేది 9 లక్షలే, అంటే మొదటి ఉద్యోగం కంటే 4 లక్షలు తక్కువ. వరుసగా నాలుగేళ్లు బోనసు రాకపోయే సంభావ్యత ఎంత? ప్రతి ఏడూ సగానికి సగం అవకాశం గనుక సగాన్ని నాలుగుసార్లు గుణిస్తే పదహారో వంతు వస్తుంది. ఈ లెక్కలో ఒక షరతు దాగి ఉంది, చూశారా? ఒక ఏడు ఫలితానికీ మరో ఏడు ఫలితానికీ సంబంధం లేదని మనం అనుకున్నాం. నిజజీవితంలో చెడ్డ ఏడు వచ్చిందంటే సంస్థలు కలిసి దెబ్బతింటాయి, బోనసుతో పాటు ఉద్యోగం కూడా పోవచ్చు. ఇంట్లో ముసలి తల్లిదండ్రులు, చదువుకునే పిల్లలు ఉన్నవాడికీ, ఒంటరిగా ఉన్నవాడికీ ఈ రెండు ఉద్యోగాల్లో మంచిది ఒకటే కానక్కరలేదు.

పెద్ద అంకెలకు హద్దు వేయాలని ప్రభుత్వాలు ప్రయత్నించాయి. 2019 నవంబరులో రిజర్వు బ్యాంకు ప్రైవేటు, విదేశీ బ్యాంకుల ఉన్నతాధికారులకూ, పెద్ద రిస్కు తీసుకునే ఉద్యోగులకూ నియమాలు జారీ చేసింది. మార్పుకు లోనయ్యే వేతనం స్థిర వేతనానికి మూడు రెట్లు మించకూడదు. అందులో కనీసం 60 శాతం వెంటనే ఇవ్వక, కనీసం మూడేళ్ల మీద ఇవ్వాలి. ఈలోగా వారి నిర్ణయం వల్ల నష్టం తేలితే ఆపివేయవచ్చు, ఇచ్చినది వెనక్కు తీసుకోవచ్చు. కార్మికుడికి 20 శాతం హద్దు, వీరికి 300 శాతం హద్దు. తేడా మీరే చూడండి. తమ సొంత డబ్బుతో వ్యాపారం చేసే ట్రేడింగు సంస్థలు బ్యాంకులు కావు గనుక వాటికి ఈ నియమం వర్తించదు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1

(అ) ఒక ఉద్యోగికి 9 లక్షల బోనసు ప్రకటించి, ఏడాది తరువాత 3 లక్షలు, రెండేళ్ల తరువాత 3 లక్షలు, మూడేళ్ల తరువాత 3 లక్షలు ఇస్తామన్నారు. వడ్డీ రేటు 8 శాతం అనుకుంటే ఆ బోనసు ఈనాటి విలువ ఎంత?

(ఆ) ఒక శిక్షణ కేంద్రంలో ఐదుగురికి ఉద్యోగాలు వచ్చాయి. జీతాలు ఏడాదికి 6, 7, 8, 9, 70 లక్షలు. కేంద్రం వేసిన కరపత్రంలో ‘సగటు జీతం 20 లక్షలు’ అని ఉంది. ఇది అబద్ధమా? మీరు ఏ అంకె అడగాలి?

17.4 ఆ డబ్బు ఎవరిది?

ఉక్కు కర్మాగారంలో బోనసు ఎక్కడి నుంచి వస్తుందో మనకు తెలుసు. ఉక్కు తయారయింది, అమ్ముడయింది, లాభం మిగిలింది, అందులో వాటా వచ్చింది. ఆప్షన్ల వ్యాపారంలో ఉక్కు లేదు. అక్కడ ఒకరికి వచ్చిన లాభం మరొకరికి వచ్చిన నష్టమే. పైన ఎక్స్ఛేంజి రుసుము, దళారీ రుసుము, పన్ను పోతాయి. కాబట్టి ‘క్వాంట్‌కు బోనసు ఎవరిచ్చారు’ అన్న ప్రశ్న తప్పక అడగాలి.

దీనికి జవాబు 2024 సెప్టెంబరులో సెబీ వెలువరించిన అధ్యయనంలో దొరుకుతుంది. సెబీ అంటే షేర్ బజారును నియంత్రించే ప్రభుత్వ సంస్థ. 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్లలో సుమారు 1.13 కోట్లమంది వ్యక్తులు ఫ్యూచర్లు, ఆప్షన్ల వ్యాపారం చేశారు. వారిలో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నికర నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైన. నష్టపోయినవారిలో ఒక్కొక్కరికి సుమారు 2 లక్షలు. రెండో వైపు చూడండి. 2023–24 ఒక్క ఏడాదిలో సొంత డబ్బుతో వ్యాపారం చేసే సంస్థలకు సుమారు 33,000 కోట్లు, విదేశీ పెట్టుబడిదారులకు సుమారు 28,000 కోట్లు, ఖర్చులు తీయకముందు లాభం. ఆ లాభంలో 96, 97 శాతం వచ్చింది కంప్యూటరు ప్రోగ్రాములతో చేసిన వ్యాపారం నుంచి. ఆ ప్రోగ్రాములు రాసేది క్వాంట్లు.

ఈ అంకెల మీద ఒక నిమిషం ఆగండి. సెల్‌ఫోనులో ఆప్షన్లు కొనే కుర్రవాడు తాను ‘ట్రేడర్’ని అనుకుంటాడు. క్వాంట్ ఉద్యోగానికి ఇది మొదటి మెట్టు అనుకునేవారు కూడా ఉన్నారు. కాదు. ఆ కుర్రవాడు బల్లకు ఒక వైపున ఉన్నాడు, క్వాంట్ రెండో వైపున ఉన్నాడు. క్వాంట్‌కు నెల జీతం ఉంది, పోయేది సంస్థ డబ్బు. ఈ కుర్రవాడికి జీతం లేదు, పోయేది అమ్మ గాజులు తాకట్టు పెట్టిన డబ్బు. ఒకరి ఉద్యోగం మరొకరి జూదం అయ్యే చోటు ఇది.

రెండో వైపున ఉన్నవారికి కూడా అంతా సాఫీగా నడవదు. పైన చెప్పిన నోబెల్ గ్రహీతలు షోల్స్, మెర్టన్ భాగస్వాములుగా ఉన్న లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే అమెరికా సంస్థ, వారికి బహుమతి వచ్చిన మరుసటి ఏడాదే, అంటే 1998లో, కుప్పకూలింది. 14 బ్యాంకులు, సంస్థలు కలిసి సుమారు 360 కోట్ల డాలర్లు పోసి అది మార్కెట్టును ముంచకుండా ఆపవలసి వచ్చింది. భాగస్వాముల సొంత సొమ్ము చాలావరకు అందులోనే పోయింది. మన దేశంలో 2025 జులై 3న సెబీ, జేన్ స్ట్రీట్ అనే అమెరికా ట్రేడింగు సంస్థ సూచీ ధరలను తారుమారు చేసిందంటూ తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చి, 4,843 కోట్ల రూపాయలు జమ చేయమన్నది. ఆ సంస్థ ఆరోపణను కాదని అప్పీలుకు వెళ్లింది. తీర్పు సంగతి అలా ఉంచండి. లెక్క ఎంత తెలివైనదైనా, అది చట్టం లోపల ఉన్నదా అన్న ప్రశ్న ఉద్యోగిని కూడా వెంటాడుతుందని దీనివల్ల తెలుస్తుంది.

మీ ఊళ్లో ఎవరైనా ‘నెలకు ఇంత శాతం ఖాయం’ అని డబ్బు అడిగితే, ‘రెండు లక్షలు కడితే క్వాంట్ ఉద్యోగం గ్యారంటీ’ అని కోర్సు అమ్మితే ఒక్క ప్రశ్న వేయండి: ఖాయమైన లాభం తెలిసినవాడికి నా రెండు లక్షలతో పనేమిటి?

17.5 మెట్లు

ట్రేడింగు సంస్థల్లో పెద్ద ఉద్యోగాలకు కొత్తవారిని ఎక్కువగా ఐఐటీలు, భారతీయ గణాంక సంస్థ లాంటి కొన్ని చోట్ల నుంచి నేరుగా తీసుకుంటారు. చదువు మధ్యలో ఆగి, ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టినవారికి ఆ తలుపు దాదాపు మూసి ఉన్నట్లే. ఈ మాట దాచి మిమ్మల్ని ఉత్సాహపరచడం సరికాదు. అయితే అదే ఇంటికి ఇంకా తలుపులున్నాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఖర్కయి నదికి అవతల ఆదిత్యపూర్‌లో చిన్న కార్ఖానాలో లేతు మిషను మీద పనిచేసే 26 ఏళ్ల యువకుడు. పది ఎప్పుడో పాసయ్యాడు. లెక్కలంటే ఇష్టం. ఇతను సార్వత్రిక పాఠశాలలో గణితంతో 12వ తరగతి ఏడాదిలో ముగిస్తే 27 ఏళ్లు వస్తాయి. తరువాత మూడేళ్ల డిగ్రీ అయ్యేసరికి 30. ప్రభుత్వ బ్యాంకుల్లో ప్రొబేషనరీ ఆఫీసరు పరీక్షకు సాధారణ వర్గానికి గరిష్ఠ వయసు 30, గుమాస్తా పరీక్షకు 28. వెనుకబడిన తరగతులకు 3 ఏళ్లు, షెడ్యూల్డు కులాలు, తెగలకు 5 ఏళ్లు సడలింపు ఉంది. కాబట్టి ఇతను ఏ వర్గంవాడు అన్నదాన్ని బట్టి ఈ తలుపు తెరిచి ఉండవచ్చు, మూసుకుపోవచ్చు. 22 ఏళ్లకే మొదలుపెట్టినవారికి ఈ చిక్కు లేదు. 2022 నవంబరు నుంచి అమలైన ఒప్పందం ప్రకారం బ్యాంకు ఆఫీసరు మొదటి మూలవేతనం నెలకు 48,480 రూపాయలు, గుమాస్తాది 24,050. కరువు భత్యం తదితరాలు దీనికి అదనం. ఈ అంకెలో ‘గరిష్ఠ బోనసు’ లాంటి ఊహ లేదు.

వయసు అడ్డురాని దారి ఒకటుంది. దాన్ని ‘యాక్చువరీ’ వృత్తి అంటారు. ఎంతమంది ఏ వయసులో మరణిస్తారు, ఎన్ని బండ్లకు ప్రమాదాలు జరుగుతాయి, దాన్ని బట్టి బీమా ప్రీమియం ఎంత ఉండాలి, పింఛను నిధిలో ఎంత సొమ్ము ఉండాలి అని లెక్కగట్టేవారు యాక్చువరీలు. క్వాంట్‌కు ఇతను అన్నగారి వరస అనవచ్చు. లెక్కలు ఒకటే, నడక నెమ్మది. మన దేశంలో వీరి సంఘం 1944లో ఏర్పడింది. 2006 చట్టంతో అది భారత యాక్చువరీల సంస్థ అయింది. 12వ తరగతి తరువాత ప్రవేశ పరీక్ష రాయవచ్చు. అందులో గణితం, గణాంకశాస్త్రం, దత్తాంశాల వివరణ, ఇంగ్లీషు, తర్కం ఉంటాయి. తరువాత, 2019లో వచ్చిన పాఠ్యక్రమం ప్రకారం, పూర్తి సభ్యత్వానికి 13 పరీక్షలు ముగించాలి. ఉద్యోగం చేస్తూ ఒక్కొక్కటిగా రాయవచ్చు. ఒక్కో పరీక్ష దాటినప్పుడు చాలా సంస్థలు జీతం పెంచుతాయి. ఈ పద్ధతి మన కర్మాగారాల్లో గ్రేడు పెరిగినట్లు ఉంటుంది, కాబట్టి మీకు వెంటనే అర్థమవుతుంది. ఇవి కష్టమైన పరీక్షలు. 13 దాటడానికి చాలామందికి చాలా ఏళ్లు పడుతుంది, మధ్యలో ఆగిపోయేవారూ ఎక్కువే. అయితే మధ్యలో ఆగినా అప్పటికి దాటినవి వృథా కావు. నాలుగైదు పాసయినవారికి బీమా సంస్థల్లో విశ్లేషకుల ఉద్యోగాలు దొరికే అవకాశం ఉంది.

మరో దారి కంప్యూటరు వైపు నుంచి వస్తుంది. ఐఐటీ మద్రాసు 2021లో డేటా సైన్సులో డిగ్రీ చదువును దూరవిద్యలాగా ఆన్‌లైన్లో ప్రారంభించింది. 12వ తరగతి ముగించినవారు ఏ వయసువారైనా చేరవచ్చు. పదిలో గణితం, ఇంగ్లీషు చదివి ఉండాలి. జేఈఈ రాయకపోయినా ఫరవాలేదు. నాలుగు వారాల పాఠాలు చదివి వారు పెట్టే అర్హత పరీక్ష నెగ్గాలి. కుటుంబ ఆదాయాన్ని బట్టి రుసుములో రాయితీ ఉంది. ఊళ్లోనే ఎన్ఐటీ జంషెడ్‌పూర్‌లో ఎంసీఏ ఉంది. దానికి గణితంతో డిగ్రీ, ఆపైన గణితమే ఎక్కువ ఉండే ప్రవేశ పరీక్ష కావాలి. ఈ దారుల్లో వచ్చినవారు మొదట చేరేది సాధారణంగా బ్యాంకుల రిస్కు విభాగాల్లో, దత్తాంశాల పనుల్లో. ట్రేడింగు బల్ల దగ్గరికి అక్కడి నుంచి కొందరే పోతారు. పోకపోయినా అది మంచి ఉద్యోగమే.

ఏ దారి పట్టినా మొదటి తాళం చెవి ఒకటే: 12వ తరగతి గణితం. ఆ విషయాన్ని వదిలి సులువైన విషయాలతో పాసయితే సర్టిఫికెట్టు వస్తుంది, కాని పైన చెప్పిన దారుల్లో చాలావాటికి అది చాలదు. విషయాలు ఎంచుకునే ఫారం నింపేటప్పుడే ఈ నిర్ణయం జరిగిపోతుంది. అందుకే ఈ పాఠాన్ని పుస్తకం చివర పెట్టలేదు.

ఉద్యోగం మారడం గురించి ఒక చిన్న మాట. విదేశాల్లో క్వాంట్ ఒక సంస్థను వదిలితే కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా పోటీ సంస్థలో చేరకూడదని షరతు ఉంటుంది. ఆ కాలానికి జీతం ఇస్తూ ఇంట్లో కూర్చోబెడతారు. మన దేశంలో 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను, ఒక మనిషి తన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం చెల్లదని చెబుతుంది. సంతకం చేసే ముందు ఒప్పందం పూర్తిగా చదివే అలవాటు చేసుకోండి.

17.6 ఉద్యోగం రాకపోవడం వల్ల

తెలుగువారిలో ఈ లెక్కల దారికి పునాది వేసిన పెద్దను ఒకరిని ఇక్కడ తలుచుకోవాలి. కల్యంపూడి రాధాకృష్ణారావు, అందరికీ సి.ఆర్. రావు, 1920 సెప్టెంబరు 10న హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదివారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. మొదటి శ్రేణిలో ముగించినా పరిశోధనకు విద్యార్థి వేతనం దొరకలేదు. యుద్ధకాలం. సైన్యం వారి సర్వే విభాగంలో గణితజ్ఞుడి ఉద్యోగం ఉందంటే కలకత్తా వెళ్లారు. అదీ రాలేదు. అక్కడ పరిచయమైన ఒకరి ద్వారా, మహలనోబిస్ 1931లో స్థాపించిన భారతీయ గణాంక సంస్థ గురించి తెలిసింది. 1941 జనవరిలో అక్కడ శిక్షణకు చేరారు.

నాలుగేళ్లు తిరిగేసరికి, 1945లో, ఆయన ప్రచురించిన ఒక పరిశోధన వ్యాసం గణాంకశాస్త్రానికి మూలస్తంభాలలో ఒకటయింది. కొద్దిపాటి దత్తాంశాల నుంచి ఒక విలువను అంచనా వేసేటప్పుడు ఆ అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదు, ఏ హద్దు దాటి కచ్చితంగా ఉండలేదు అన్నది అందులోని ఒక ఫలితం. దాన్ని ‘క్రామర్–రావు హద్దు’ అంటారు. అంచనాల మీద కోట్లు పందెం కాసే క్వాంట్లకు ఇది పాఠ్యపుస్తకంలో తప్పక ఎదురవుతుంది. ఆ వ్యాసానికి ఆయనకు బోనసు ఏమీ రాలేదు. 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఇచ్చారు. మొత్తం 80,000 డాలర్లు. అదే ఏడాది ఆగస్టు 22న ఆయన మరణించారు. మార్కెట్టు ఇచ్చే జీతం ఆ పని విలువకు కొలబద్ద అవుతుందా అన్న ప్రశ్న మీ అధ్యయన కేంద్రంలో స్నేహితులతో చర్చించండి.

కృత్యం

మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని ఉద్యోగం చేసేవారి జీతం చీటీ అడిగి తీసుకోండి. అందులో మూలవేతనం, భత్యాలు, కోతలు, చేతికి వచ్చిన మొత్తం వేరువేరుగా రాయండి. గడిచిన మూడేళ్ల బోనసు అడిగి, అది ఏడాది జీతంలో ఎంత శాతమో కట్టండి. తరువాత వారిని ఈ ప్రశ్న అడగండి: బోనసు అసలు రాకపోతే మీ ఇంటి ఖర్చులో మొదట ఆగేది ఏది?

మీ ప్రగతిని తెలుసుకోండి – 2

(ఇ) 1.13 కోట్లమందికి కలిపి నికర నష్టం 1.8 లక్షల కోట్లు అనుకోండి. మనిషికి సగటున ఎంత? సెబీ చెప్పిన ‘సుమారు 2 లక్షలు’తో ఇది ఎందుకు కలవలేదు?

(ఈ) 17.3లోని రెండో ఉద్యోగంలో వరుసగా రెండేళ్లు 20 లక్షల బోనసు వచ్చే సంభావ్యత ఎంత?

జవాబులు

(అ) మొదటి విడత 3 ÷ 1.08 = 2.78 లక్షలు. రెండోది 3 ÷ 1.1664 = 2.57 లక్షలు. మూడోది 3 ÷ 1.2597 = 2.38 లక్షలు. మొత్తం సుమారు 7.73 లక్షలు. అంటే 9 లక్షలు అన్నది ఈనాటి డబ్బులో 1.27 లక్షలు తక్కువ.

(ఆ) అబద్ధం కాదు. మొత్తం 100 లక్షలు, ఐదుగురు, సగటు 20 లక్షలు. కాని ఐదుగురిలో నలుగురికి అందులో సగం కూడా రాలేదు. మీరు అడగవలసింది మధ్యగతం, అంటే వరుసలో నడుమ ఉన్న అంకె. అది 8 లక్షలు. ఎంతమంది చేరితే ఐదుగురికి ఉద్యోగం వచ్చిందో కూడా అడగండి.

(ఇ) సుమారు 1.6 లక్షలు. మనం కట్టిన సగటులో లాభపడిన 7 శాతం మంది కూడా ఉన్నారు, వారి లాభం మిగతావారి నష్టాన్ని కొంత కప్పివేసింది. సెబీ చెప్పిన 2 లక్షలు నష్టపోయినవారికి మాత్రమే కట్టిన సగటు.

(ఈ) 0.2 × 0.2 = 0.04, అంటే నూటికి నాలుగు. రెండేళ్ల ఫలితాలకూ సంబంధం లేదనుకుంటేనే ఈ జవాబు సరైనది.